ఇంటి వాటా తీసిన తరువాతే సంఘానికి పాలు

(సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంత పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు లేచి నిలబడితే రికార్డుల మాట, వెన్న శాతం మాట, ఆడిట్ అభ్యంతరాల మాట వస్తుందని మీరు అనుకుంటారు. ఈరోజు వాటిని పక్కన పెట్టి, మీ ఇంట్లో రాత్రి భోజనం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇది సంఘానికి సంబంధం లేని సంగతి కాదని చివరకు మీరే ఒప్పుకుంటారు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో పటాన్‌చెరు పక్క ఒక గ్రామానికి తనిఖీకి వెళ్ళాను. రిజిస్టరు చూస్తే ఒక సభ్యుడు ఏడాది పొడుగునా రెండు పూటలా తప్పకుండా పాలు పోశాడు. ఆయనను అందరి ముందు మెచ్చుకున్నాను. ఆయన సంతోషించి భోజనానికి పిలిచాడు. జొన్న రొట్టె, పప్పు పెట్టి, నా ముందు ఒక గిన్నెడు పెరుగు ఉంచారు. పిల్లలిద్దరూ ఆ గిన్నె వంకే చూస్తున్నారు. వాళ్ళ పళ్ళాలలో పెరుగు లేదు. నాకు పెట్టింది కూడా పక్కింటి నుంచి తెచ్చిందని తరువాత తెలిసింది. రెండు పాడి బర్రెలున్న ఇంట్లో పెరుగు బదులు తేవలసి వచ్చింది! నేను రిజిస్టరులో మెచ్చుకున్నది ఆ పిల్లల వాటానే అని అప్పుడు తెలిసివచ్చింది. ఆనాటి నుంచి ఏ సంఘానికి వెళ్ళినా ఎన్ని లీటర్లు పోశారని మాత్రమే కాక, ఇంటికి ఎంత ఉంచుకున్నారని కూడా అడుగుతున్నాను.

ఈ ప్రశ్న కొత్తది కాదు. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలైన కాలంలోనే, పాలన్నీ పట్నానికి పోతే పల్లె పిల్లలకు ఏమి మిగులుతుందని పెద్దలు అడిగారు. దానికి జవాబు చెప్పవలసింది ఢిల్లీలోనూ కాదు, హైదరాబాదులోనూ కాదు. పాలు పిండిన చెంబు దగ్గరే చెప్పాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు మనిషికి 300 మిల్లీలీటర్ల పాలు గాని పెరుగు గాని ఉండాలని సూచించింది. నలుగురున్న ఇంటికి ఇది లీటరుంపావుకు కాస్త తక్కువ. అంత వీలుకాకపోతే కనీసం లీటరు తీయండి. అదీ కష్టమైతే పిల్లల వాటా, గర్భిణి, బాలింతల వాటా ముందు తీయండి. తీసిన పాలను తప్పక కాచి వాడండి.

పాలతో మన జొన్నకు మంచి పొత్తు ఉంది. జొన్నలోని మాంసకృత్తులలో లైసిన్ అనే పదార్థం తక్కువ. అది పాలలో బాగా ఉంది. అంటే రొట్టెకు తోడు పెరుగో మజ్జిగో ఉంటే ఆ లోటు తీరుతుంది. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధన చేస్తున్నది. జహీరాబాదు వైపు పస్తాపూర్ చుట్టుపక్కల మహిళా సంఘాలు చిరుధాన్యాలను కాపాడినందుకు 2019లో ఐక్యరాజ్య సమితి వారి ఈక్వేటర్ బహుమతి అందుకున్నాయి. లోకం మెచ్చిన తిండి మన పొలంలో, మన కొట్టంలో ఉంది. మన పళ్ళెంలోకి రావడమే మిగిలింది.

ఇక మన ప్రాంతపు అసలు చిక్కు చెబుతాను. పాశమైలారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు ఇంటికొకరు పోతున్నారు. ఒకరిది పగటి షిఫ్టు, ఒకరిది రాత్రి షిఫ్టు. తండ్రి వచ్చేసరికి పిల్లలు నిద్రపోతారు. తల్లి పాలు పిండి, కేంద్రంలో పోసి వచ్చేసరికి చీకటి పడుతుంది. పిల్లలు ఆకలి అంటే పది రూపాయలు చేతిలో పెడతాము. వాళ్ళు రోడ్డు మీది బేకరీకి పోయి క్రీమ్ బన్నో, పఫ్ఫో తిని వస్తారు. రాత్రి అన్నం ముందు కూర్చోబెడితే ఆకలి లేదంటారు. పొద్దున పోసిన పాల డబ్బులు సాయంత్రం బేకరీ గల్లాలో పడుతున్నాయి. మనం వెన్న ఉన్న పాలు అమ్మి, మైదా, చక్కెర, వనస్పతి కొని తెస్తున్నాము. ఇది ఏ లెక్క ప్రకారం లాభమో నాకు అంతుపట్టదు.

బేకరీవారి మీద నాకు కోపం లేదు. చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకోవడం నాకూ ఇష్టమే. ఆహార పదార్థాల నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదని 2022 జనవరి నుంచి నిబంధన కూడా అమలులో ఉంది. అయితే పండుగకు తినేది రోజూ తిండి కారాదు. పిల్లలకు ఆ రుచి కావాలంటే ఇంట్లోనే చేసిపెట్టవచ్చు.

మన సర్వపిండి ఉండనే ఉంది. బియ్యపు పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, కారం, ఉప్పు కలిపి, మందపాటి గిన్నెలో వత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద కాల్చేదే కదా! దానికి తోడు గ్లాసెడు మజ్జిగ ఇస్తే షిఫ్టు నుంచి వచ్చిన మనిషికీ సరిపోతుంది.

తీపి కావాలంటే నాన్‌ఖటాయి చేయండి. వారం రోజుల మీగడతో వచ్చిన నెయ్యి 100 గ్రాములు, చక్కెర పొడి 100 గ్రాములు, జొన్నపిండి, గోధుమపిండి కలిపి 200 గ్రాములు, చిటికెడు ఉప్పు, ఏలకుల పొడి తీసుకోండి. నెయ్యి, చక్కెర బాగా గిలకొట్టి, పిండి కలిపి, చిన్న బిళ్ళలు చేయండి. మందపాటి గిన్నెలో ఇసుక పోసి పది నిమిషాలు వేడిచేసి, మధ్యలో స్టాండు పెట్టి, దానిమీద బిళ్ళల పళ్ళెం ఉంచి మూత వేయండి. సన్నని సెగ మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు చాలు. వేడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉంటాయి, చల్లారితే గట్టిపడతాయి. తొందరపడి ఎక్కువ మాడ్చవద్దు.

జున్ను సంగతి మరువవద్దు. ఈనిన బర్రె ముర్రుపాలు సంఘం తీసుకోదు. దూడకు కడుపునిండా తాగించగా మిగిలినవాటిలో బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికించి, పిల్లలకు పెట్టండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఇంటికి లీటరు తీసి, ఆ లోటు నీళ్ళతో నింపితే అది ఇంటి వాటా కాదు, పక్కవాడి వాటా. నీళ్ళు కలిస్తే వెన్న, వెన్నలేని ఘనపదార్థాలు రెండూ తగ్గుతాయి. ఒక్కరి నీళ్ళు క్యాను మొత్తానికి తగులుతాయి. తక్కువ పాలు పోయడం నేరం కాదు, నీళ్ళు పోయడం నేరం.

"సార్, ఇట్లా చెబితే సంఘానికి పాలు తగ్గవా?" అని కార్యదర్శులు అడుగుతారు. తగ్గుతాయి. దాచవలసిన పని లేదు. కాని సంఘం పెట్టుకున్నది సభ్యుల మేలు కోసం. సభ్యుని పిల్లలను ఎండబెట్టి పెంచిన లీటర్లను నేను అభివృద్ధి అని రాయలేను.

చివరగా ఒక విన్నపం. పాస్‌బుక్కులో పేరు ఎవరిదైనా, పిండేది, గడ్డి వేసేది ఎక్కువగా మన అక్కచెల్లెళ్ళే. ఎంత ఉంచాలో వారే నిర్ణయించాలి. ఇంటికి వెళ్ళగానే ఒక లీటరు చెంబును విడిగా పెట్టండి. పిండగానే ముందు అది నింపండి, మిగిలినది సంఘానికి తెండి. వారంలో ఒక్క రోజైనా, షిఫ్టు లేని పూట, అందరూ కలిసి కూర్చుని తినండి.

ఈసారి మీ ఊరికి తనిఖీకి వచ్చినప్పుడు నాకు పెరుగు వేయకపోయినా ఫరవాలేదు. పిల్లల పళ్ళెంలో కనిపిస్తే చాలు.