శీతోష్ణస్థితి శాస్త్రం: డిగ్రీ విద్యార్థికి కావలసిన పునాది

(బరంపురంలో జరిగిన పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

ఒడియా గడ్డపై తరతరాల తెలుగు బిడ్డలకు అక్షరభిక్ష పెట్టిన ఈ విద్యాలయం డెబ్బది అయిదు వసంతాలు పూర్తి చేసుకొన్న శుభవేళ ఇది. ప్లస్ టూ పిదప శీతోష్ణస్థితి శాస్త్రం చదువదలచిన వారికి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు కోరారు. ఆ ఆజ్ఞను శిరసావహిస్తున్నాను.

ముందుగా మాట తేటపడాలి. మన భాషలో ‘వాతావరణం’ అనే ఒక్క పదం ఎన్నో బరువులు మోస్తున్నది. భూమిని ఆవరించిన గాలిపొర వాతావరణమే. నేటి ఎండా వానా వాతావరణమే. కాని మన భూగోళ పాఠ్యపుస్తకాలు ‘శీతోష్ణస్థితి’ అనే చక్కని మాటను ఏనాడో నేర్పాయి. మనిషికి ఒకనాడు వచ్చిన కోపం వేరు, అతని స్వభావం వేరు. రేపు గోపాలపూర్‌లో వాన పడుతుందా అన్నది మొదటి రకం ప్రశ్న. ఈ తీరంలో ఆశ్వయుజ కార్తికాలు తుఫానుల కాలమన్నది స్వభావానికి సంబంధించిన సంగతి. సాధారణంగా ముప్పది సంవత్సరాల కొలతలను సగటు కట్టి ఆ స్వభావాన్ని నిర్ణయిస్తారు. ఆ స్వభావమే మారుతున్నదని కొలతలు చెబుతున్నాయి. పారిశ్రామిక యుగానికి పూర్వం గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లున్న బొగ్గుపులుసు వాయువు నేడు 420 పాళ్లు దాటింది. అందువల్ల భూమిపై అదనంగా నిలిచిన వేడిలో నూటికి తొంబది పాళ్లకు పైగా సముద్రాలే మ్రింగుకొన్నాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది మోయగల నీటి ఆవిరి సుమారు ఏడు శాతం పెరుగుతుంది. కుండపోత వానలు ఎందుకు ఉద్ధృతమవుతున్నాయో ఈ ఒక్క లెక్కతో కొంత బోధపడుతుంది.

ఈ విద్య ప్రయోజనమేమిటని బరంపురం వాసులకు వేరే చెప్పనక్కరలేదు. 1999 అక్టోబరు 17న గోపాలపూర్ వద్ద తుఫాను తీరం దాటింది. అదే నెల 29న పారాదీప్ ప్రాంతాన్ని పెనుతుఫాను ముంచెత్తగా పదివేలకు దగ్గరగా ప్రాణాలు పోయాయి. పదునాలుగేండ్లకు, 2013 అక్టోబరు 12న, ఫైలిన్ మన గోపాలపూర్ వద్దనే గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో విరుచుకుపడింది. ముందే హెచ్చరిక అందింది. పది లక్షల మందికి దగ్గరగా సురక్షిత స్థలాలకు చేరారు. మరణాలు యాభైకి లోపే. తుఫాను ఆశ్రయాలు, అధికారుల దక్షత, ప్రజల సహకారం ఇందులో పాలుపంచుకొన్నాయి. కాని తుఫాను ఎక్కడికి, ఎప్పుడు వస్తుందో లెక్కగట్టిన వారు లేనిదే ఆ దక్షత ఏ దిక్కుకు కదలాలి?

ఇక అసలు ప్రశ్న: డిగ్రీలో ఏమి చదవాలి? ఇంగ్లండులోని రెడింగ్ విశ్వవిద్యాలయం వంటి చోట్ల ఈ శాస్త్రాన్ని డిగ్రీ స్థాయిలోనే బోధిస్తారు. మన దేశంలో ఈ పేరుతో డిగ్రీలు అరుదు. అందుకు చింతించవద్దు. చరిత్ర చూడండి. భారత వాతావరణ శాఖకు 1904లో అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితవేత్త. క్షామాలతో కుమిలిన దేశానికి రుతుపవనాల రాకడ ముందుగా చెప్పాలని పూని, గణాంకాలు మథించి, హిందూ మహాసముద్రానికీ పసిఫిక్‌కూ మధ్య వాయుపీడనం త్రాసువలె ఊగుతుందని కనుగొన్నాడు. ఎల్ నినో ఉదంతంలో సగం అదే. మన వాతావరణ పరికరాల నిర్మాణానికి బాట వేసిన అన్నా మణి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివినది భౌతికశాస్త్రం. ఆడపిల్లల తల్లిదండ్రులు ఆమె పేరు గుర్తుంచుకోవాలని ప్రార్థన. భూమి వేడెక్కడాన్ని గణించిన మనాబేకు 2021లో లభించిన నోబెల్ బహుమతి కూడా భౌతికశాస్త్రానిదే.

కనుక నా సలహా ఒక్కటే. కోర్సు పేరు చూసి చేరకండి, పాఠ్యప్రణాళిక చూసి చేరండి. కలనగణితం, అవకలన సమీకరణాలు, గణాంకశాస్త్రం, ఉష్ణగతిశాస్త్రం, ద్రవ, వాయువుల చలనసూత్రాలు, కంప్యూటర్‌లో ప్రోగ్రాం వ్రాయడం: ఇవి ఉన్న డిగ్రీ ఏ పేరుతో ఉన్నా మంచిదే. ఇవి లేని డిగ్రీ పేరు ఎంత ఘనమైనదైనా పునాది లేని మేడ. గణితం, భౌతికశాస్త్రాలతో బి.ఎస్సీ. చదివినవారికి పై చదువులకు విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, భువనేశ్వర్ ఐ.ఐ.టి., బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ద్వారాలు తెరిచే ఉన్నాయి. అయిదేండ్ల విజ్ఞానశాస్త్ర విద్యకు ఐసర్ సంస్థ మన బరంపురంలోనే 2016లో వెలసింది.

జీవనోపాధి మాటేమిటని తల్లిదండ్రులు అడుగుతారు, అడగడం న్యాయమే. వాతావరణ శాఖ, హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం, పూణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలతో పాటు వ్యవసాయం, బీమా, సౌర, పవన విద్యుత్తు రంగాలకు కూడా ఈ లెక్క తెలిసినవారు కావాలి. అయితే డిగ్రీతో ఆగిపోతే అవకాశాలు స్వల్పం. ఎం.ఎస్సీ., ఆ పిదప పరిశోధన అంటే మరి కొన్నేండ్ల ఓర్పు అవసరం. ఈ సంగతి ఇంటిల్లిపాదీ ముందే కూర్చుని మాట్లాడుకోవాలి.

తెలుగు మాధ్యమంలో చదివిన మనం నెగ్గుకురాగలమా అని సంకోచించే బిడ్డలకు ఒక మాట. ఆంగ్ల పదజాలం మొదటి ఏడాది ఇబ్బంది పెడుతుంది. నిఘంటువు చేతబట్టుకొని శ్రమించాలి. కాని భాష మారినంత మాత్రాన సమీకరణం మారదు. మీకున్న తెలుగు ఈ శాస్త్రానికి అవసరం కూడా. గోపాలపూర్ తీరాన వలలు విసిరే మన తెలుగు మత్స్యకారునికి హెచ్చరిక అతని మాటలో చేరినప్పుడే అది హెచ్చరిక. ‘అల్పపీడనం బలపడింది’ అన్న వాక్యాన్ని ‘రేపు పడవ దించవద్దు’ అని చెప్పగల శాస్త్రజ్ఞుడు, తెలుగూ ఒడియా రెండూ ఎరిగినవాడు, ఈ తీరానికి కావాలి. అటువంటి వారిని తీర్చిదిద్దగల శక్తి ఇటువంటి పాఠశాలలకు ఉన్నది.

శతజయంతి నాటికి ఈ వేదికపై నిలిచి తుఫానుల తీరుతెన్నులు వివరించే శాస్త్రజ్ఞురాలు నేడు ఈ సభలో ముందు వరుసలో కూర్చున్న బాలికలలో ఒకరు కావాలని ఆకాంక్షిస్తున్నాను.