రేకుల పనికి వెళ్లే పిల్లలకు ఒక మాట

(ఆదివాసీ దినోత్సవ సభలో యువతకు చేసిన ప్రసంగ పాఠం)

పిల్లలూ, పొద్దుటి నుంచి ఆడి పాడి అలసిపోయారు, ఎక్కువసేపు కూర్చోబెట్టను.

రామచంద్రపురంలో హాస్టల్ వార్డెన్‌గా ఉంటున్నాను. వేసవి సెలవుల నుంచి తిరిగొచ్చిన ఇంటర్ కుర్రాడొకడు సంచి దులిపితే బూడిదరంగు పొడి రాలింది. "ఎక్కడిదిరా?" అన్నాను. "కోళ్లఫారం షెడ్డుకి రేకులు కోశాం మేడం" అన్నాడు గర్వంగా. ఆ కూలి డబ్బుతో చెల్లెలికి పుస్తకాలు కొన్నాడట. మెచ్చుకోవాలో, కేకలెయ్యాలో తెలియలేదు.

ఆ పొడి గురించే ఈ మాట. మనం సిమెంటు రేకులు అనేవాటిలో చాలావాటికి సిమెంటుతో పాటు ఆస్బెస్టాస్ కలుపుతారు. తెలుగులో రాతినార. పేరుకు తగ్గట్టే అది రాయి, కానీ నారలా చీలిపోతుంది. కంటికి కనిపించనంత సన్నటి పోగులు ఊపిరితో లోపలికి పోతాయి. ఒంట్లో కరగవు, చాలావరకు బయటికి రావు. వాటి చుట్టూ ఊపిరితిత్తి మచ్చకట్టి బిగుసుకుపోతుంది. అదే ఆస్బెస్టోసిస్. ఊపిరితిత్తుల కాన్సర్, వాటి పైపొరకు వచ్చే మీసోథీలియోమా అనే కాన్సర్ కూడా దీనివల్ల వస్తాయి. ఏ రకం ఆస్బెస్టాస్ అయినా కాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 60కి పైగా దేశాలు నిషేధించాయి. మన దేశంలో 1986 నుంచి కొత్త గనులకు లీజులు ఆపారు గానీ, బయటి దేశాల నుంచి తెచ్చి రేకులు చేస్తూనే ఉన్నారు.

కష్టం ఏమిటంటే, ఈ జబ్బు ఇవాళ పీల్చితే రేపు రాదు. 20 ఏళ్లు, 30 ఏళ్లు, ఒక్కోసారి 40 ఏళ్లు పడుతుంది. మా చిన్నాన్న కుర్రతనమంతా రేకులు బిగించే పనే చేశాడు. యాభై దాటాక గట్టు ఎక్కితే ఆయాసం. కఫం లేని పొడి దగ్గు. చుట్ట వల్లేనన్నారు ఇంట్లో. ఒక ఆసుపత్రిలో టీబీ అని ఆరు నెలలు మందులిచ్చారు, తగ్గలేదు, మళ్లీ మొదలుపెట్టారు. చాలా కాలానికి ఒక డాక్టరమ్మ ఆయన వేళ్లు పట్టుకుని చూసింది. చివర్లు ఉబ్బి, గోళ్లు కిందికి వంగి ఉన్నాయి. "పెద్దాయనా, ఏం పని చేసేవాడివి?" అని అడిగింది. అంతవరకూ ఆ మాట ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు, టీచర్ ట్రైనింగ్ చదివిన నాతో సహా.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకు రెండు వారాలు దాటి దగ్గు ఉంటే ముందు కఫం పరీక్ష చేయించండి, టీబీకి మందు ఉంది. టీబీ కాదని తేలినా దగ్గు, ఆయాసం, ఛాతీలో నొప్పి, బరువు తగ్గడం ఆగకపోతే, చేసిన పని ఏమిటో డాక్టరుకు మీరే చెప్పండి. ఎక్స్‌రే, ఊపిరి ఊదించే పరీక్ష అడగండి. బిగిసిపోయిన ఊపిరితిత్తి మళ్లీ మెత్తబడదు. కానీ చుట్ట, బీడీ మానితే ఎంతో మేలు. పొగ, రాతినార రెండూ కలిస్తే ఊపిరితిత్తుల కాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

జార్ఖండ్‌లో చాయిబాసా దగ్గర రోరో కొండలున్నాయి. అక్కడ హో ఆదివాసులు ఉంటారు. హైదరాబాద్ ఆస్బెస్టాస్ అనే కంపెనీ ఆ గనులు 1983లో మూసేసి వెళ్లిపోయింది. తవ్విన వ్యర్థం మాత్రం కొండవాలున అలాగే మిగిలింది, దాని కిందే ఊళ్లు, పొలాలు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోనూ రాతినార తవ్వారు. తవ్వేది, మోసేది ఎవరో మీకు నేను చెప్పాలా?

అలాగని రేకుల ఇంట్లో ఉన్నామని భయపడకండి. కదపని, పగలని రేకు నుంచి పోగులు పెద్దగా రావు. కోసినప్పుడు, కన్నం వేసినప్పుడు, తుఫానుకు పగిలిన ముక్కలు ఊడ్చినప్పుడే ప్రమాదం. కరెంటు కట్టరు పెట్టొద్దు, ఆ దుమ్ము అన్నిటికన్నా చెడ్డది. ముక్కలు ఎత్తాల్సి వస్తే నీళ్లతో తడపండి, పొడిగా ఊడ్వకండి. మూతికి కట్టిన తువ్వాలు ఈ పోగుల్ని ఆపదు. పని బట్టలు ఇంట్లో దులపకండి. భర్త బట్టలు ఉతికిన పాపానికి జబ్బు తెచ్చుకున్న ఆడవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. పగిలిన ముక్కలతో బాట గుంతలు పూడ్చడం మన పేటల్లో అలవాటు, అది మానుకుందాం.

ఇంకొకటి. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్యం వాళ్ల హక్కు అంది. వాళ్ల ఆరోగ్య రికార్డులు 40 ఏళ్ల పాటు దాచాలని ఫ్యాక్టరీలను ఆదేశించింది. కానీ రోజుకూలికి వెళ్లే మనకు రికార్డు ఎవడు రాస్తాడు? మనమే రాసుకోవాలి. ఏ ఏడు, ఏ ఊరు, ఎవరి దగ్గర, ఏం పని, ఎన్ని రోజులు.

ఆ కుర్రాడు మీ మధ్యే కూర్చున్నాడు, పేరు చెప్పను. నోటుబుక్కు చివరి పేజీలో రాయించాను: మే నెల, కోళ్లఫారం, రేకులు కోత, పదకొండు రోజులు. దాని కింద ఇంకో వరస చేరకుండా, వచ్చే సెలవుల్లో వాడికి వేరే పని వెతకాలి. మీలో ఎవరికైనా తెలిస్తే సభ అయ్యాక నాకు చెప్పండి.