తుంటి కీలు కుదురుకునే వయసు



కుంటుతూ నడిచే పిల్లలను ఉపాధ్యాయులమైన మేము బడిలో చూస్తుంటాం. వారిలో కొందరికి అది దెబ్బ తగిలి వచ్చింది కాదు. పసితనంలో తుంటి కీలు కుదురుకోక వచ్చింది.

కటి భాగంలోని కీళ్లు పుట్టినప్పుడు ఉన్నట్టే ఉండిపోవు. నడుము కింద వెన్నెముకను కటి ఎముకలతో కలిపే కీలు పసివారిలో చదునుగా ఉంటుంది. ఎదిగేకొద్దీ బరువు మోస్తూ మిట్టపల్లాలు తేలి గట్టిపడుతుంది. తుంటి గిన్నె మూడు ఎముకలు కలిసే చోటు. వాటి మధ్య మెత్తని మృదులాస్థి ఉంటుంది. అవి పూర్తిగా అతుక్కునేసరికి పిల్లలకు దాదాపు 13 నుంచి 16 ఏళ్లు వస్తాయి.

పుట్టినప్పుడు ఆ గిన్నెకు లోతు తక్కువ. తొడ ఎముక తల అందులో సరిగా కూర్చుంటేనే గిన్నె దాని చుట్టూ గుండ్రంగా, లోతుగా పెరుగుతుంది. తల పక్కకు జారితే గిన్నె చదునుగానే మిగులుతుంది. బిడ్డకు నొప్పి ఉండదు కాబట్టి నడక వచ్చేదాకా ఎవరికీ తెలియదు.

బిడ్డకు లాలపోసి, కాళ్లు చాపి, గుడ్డలో బిగించి చుట్టడం మన ఇళ్లలో ఉంది. అది తుంటికి మంచిది కాదు. కాళ్లు ముడిచి, ఎడంగా కదిలే వీలుండాలి. జపాన్‌లో 1970లలో ఈ మాటే ఊరూరా ప్రచారం చేశాక ఈ లోపం బాగా తగ్గింది. మన తల్లులు బిడ్డను చంకనెత్తుకునే తీరు మాత్రం తుంటికి మేలే.

ఆడపిల్లల్లో, ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డల్లో, ఇంట్లో ఇదివరకే ఈ లోపం ఉన్నవారిలో ఇది ఎక్కువ. ఒక కాలు పొట్టిగా కనిపించినా, గుడ్డ మార్చేటప్పుడు ఒక తొడ సరిగా విచ్చుకోకపోయినా డాక్టరుకు చూపాలి. మొదటి నెలల్లో అల్ట్రాసౌండ్‌తో తెలుస్తుంది. ఆరు నెలల లోపు చాలామందికి మెత్తని పట్టీలతో సరిపోతుంది. ఆలస్యమైతే పిండికట్టు, ఆపై ఆపరేషన్, నెలల తరబడి మంచం.

దాతలకు మా విన్నపం ఇదే. ఆపరేషన్లకు మీరిచ్చే సాయం గొప్పది. అందులో కొంత, పేద తల్లి చంటిబిడ్డను పరీక్షకు తీసుకెళ్లే బస్సు ఛార్జీకి, ఆ పరీక్ష ఖర్చుకు కేటాయించండి. ఆ బిడ్డ అయిదో ఏట మా బడికి తిన్నగా నడిచి వస్తుంది.