వేసిన ఓటు ఎక్కడికి పోతోంది?

ఊరి పిల్లలకు పౌరశాస్త్రం చెప్పిన ఒక మాస్టారి పేరిట జరుగుతున్న స్మారకోపన్యాసమిది. ఎన్నికల పద్ధతుల గురించి, వాటి న్యాయాన్యాయాల గురించి మాట్లాడమన్నారు. కోనసీమలో ఈ విషయం చెప్పడానికి దూరం వెళ్లనక్కర్లేదు. రాజోలుతోనే మొదలుపెడతాను.

2019 శాసనసభ ఎన్నికల్లో రాజోలులో ముక్కోణపు పోటీ జరిగింది. జనసేన అభ్యర్థి రాపాక వరప్రసాదరావు గారు 814 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆయనకు పడినవి 50 వేల పైచిలుకు, అంటే పోలైన ఓట్లలో ఇంచుమించు మూడో వంతు. ఓటేసిన ముగ్గురిలో ఇద్దరు వేరేవాళ్లను కోరుకున్నా చట్టం దృష్టిలో రాజోలు మొత్తానికీ ఆయనే ప్రతినిధి. ఇదే ఫలితాన్ని రెండో వైపు నుంచి చూడండి. ఆ ఎన్నికల్లో జనసేనకు రాష్ట్రమంతటా 17 లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. 175 స్థానాల్లో వచ్చింది ఈ ఒక్కటే. ఉత్తరాంధ్ర నుంచి రాయలసీమ దాకా ఆ పార్టీకి ఓటేసిన వాళ్లందరికీ సభలో ఉన్న ఏకైక సభ్యుడు కొద్దికాలానికే అధికార పక్షానికి దగ్గరయ్యారు. ఇక ఆ 17 లక్షల మంది తరఫున మాట్లాడడానికి సభలో ఎవరూ లేకపోయారు.

అదే ఏడాది అమలాపురం లోక్‌సభ స్థానంలో చింతా అనురాధ గారి ఆధిక్యం దాదాపు 40 వేలు. మూడో స్థానంలో నిలిచిన అభ్యర్థికి పడినవి దాదాపు రెండున్నర లక్షలు. ఆ రెండున్నర లక్షల ఓట్లు ఎవరినీ ఢిల్లీకి పంపలేదు.

ఇప్పుడు రాష్ట్రం లెక్క. 2019లో వైసీపీకి దాదాపు 50 శాతం ఓట్లు, 151 సీట్లు వచ్చాయి. తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు, 23 సీట్లు. అయిదేళ్లు తిరిగేసరికి 2024లో వైసీపీకి కూడా 39 శాతమే ఓట్లు పడ్డాయి, సీట్లు 11కి పడిపోయాయి. జనసేనకు 2019లో అయిదున్నర శాతం ఓట్లతో ఒక సీటు దక్కితే, 2024లో ఏడు శాతం లోపు ఓట్లతో 21 సీట్లు దక్కాయి. రెండోసారి పొత్తు ఉంది, పోటీ చేసినవి 21 చోట్లే, కాబట్టి ఈ రెంటినీ నేరుగా పోల్చలేం. కానీ అసలు సంగతి అక్కడే ఉంది. సీట్ల సంఖ్యను తేల్చేది ఎంతమంది ఓటేశారన్నది ఒక్కటే కాదు. ఆ ఓట్లు ఎక్కడ పోగయ్యాయి, ఎదుటి ఓట్లు ఎలా చీలాయి అన్నవి అంతకన్నా ఎక్కువగా తేలుస్తున్నాయి. ఇది ఏ పార్టీ తప్పూ కాదు. అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువొచ్చినవారిదే స్థానం అన్న పద్ధతి నైజమే ఇది.

కొత్తపేటలో 2014లో గెలుపు ఓటముల తేడా 713 ఓట్లు. అటు 88 వేలు, ఇటు 87 వేలు. ఇంత దగ్గరగా వచ్చినవాళ్లలో ఒకరికి అంతా, ఇంకొకరికి శూన్యం. ఒక్క సీటే కదా అనుకోకండి. మన అమలాపురం నుంచి వెళ్లిన జి.ఎం.సి. బాలయోగి గారు సభాపతి పీఠం మీద ఉండగానే, 1999 ఏప్రిల్ 17న, కేంద్ర ప్రభుత్వం 269 – 270తో ఒక్క ఓటు తేడాలో పడిపోయింది. సభలో ఒక్కొక్క స్థానానికి అంత బరువు ఉన్నప్పుడు, అక్కడికి ఎవరు ఏ లెక్కన చేరుతున్నారో పట్టించుకోవాలి.

హద్దుల సంగతీ ఇలాంటిదే. 2004 దాకా ఇక్కడ ముమ్మిడివరం, అల్లవరం, నగరం ఎస్సీ రిజర్వుడు. అమలాపురం, రాజోలు జనరల్. పునర్విభజన తర్వాత 2009 నాటికి అల్లవరం, నగరం నియోజకవర్గాలే లేవు. ముమ్మిడివరం జనరల్ అయింది. అమలాపురం, రాజోలు, కొత్తగా వచ్చిన పి.గన్నవరం రిజర్వు అయ్యాయి. రిజర్వేషన్ ఉండి తీరాలని నేను గట్టిగా నమ్ముతాను. అది లేకపోతే కోనసీమ నుంచి తొలి దళిత లోక్‌సభ స్పీకర్ వచ్చేవారా? అయితే 1932 పూనా ఒప్పందం నాటి చిక్కు ఇంకా తీరలేదు. రిజర్వుడు స్థానంలో అభ్యర్థి దళితుడే అయినా గెలిపించేది అందరి ఓట్లు. దళితుల పక్షాన నిక్కచ్చిగా మాట్లాడేవారికి టికెట్టే దొరకడం కష్టమవుతోంది.

పూర్వం రిజర్వేషన్‌కు వేరే ఏర్పాటు ఉండేది. కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులు, అందులో ఒక సీటు రిజర్వుడు. 1957లో పార్వతీపురంలో వి.వి.గిరి గారు ఆరు వందల లోపు ఓట్ల తేడాతో మూడో స్థానంలో ఆగిపోయారు. పై ఇద్దరూ గిరిజన అభ్యర్థులే. రెండో సీటు జనరల్‌ది కదా, తనకే రావాలని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజన అభ్యర్థి జనరల్ స్థానానికీ అర్హుడేనని 1959లో కోర్టు తీర్పిచ్చింది. సరైన తీర్పు. రెండేళ్లు తిరక్కుండానే 1961లో ద్విసభ్య నియోజకవర్గాలనే చట్టంతో రద్దు చేశారు.

అదే గిరి గారు 1969లో ఇంకో పద్ధతిలో గెలిచారు. రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకూ నీలం సంజీవరెడ్డి గారికీ పోటీ. తొలి ప్రాధాన్య ఓట్లలో ముందున్నా సగం దాటలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాకే గెలుపు తేలింది. ఈ పద్ధతి మన పట్టభద్రులకు తెలిసిందే. గోదావరి జిల్లాల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఊదా రంగు స్కెచ్ పెన్ను చేతికిచ్చి 1, 2, 3 వేయమంటారు. ఎవరికీ సగానికి మించి రాకపోతే అందరికన్నా వెనకబడిన అభ్యర్థిని తప్పించి, ఆ కట్ట విప్పి, ఒక్కో కాగితం మీద 2 ఎవరికి వేశారో చూసి వాళ్ల ఖాతాలో కలుపుతారు. ఓడినవారికి వేసిన ఓటు కూడా చివరిదాకా బతికి ఉంటుంది. కానీ అంకె వేయాల్సిన చోట టిక్కు పెట్టి డిగ్రీలున్నవాళ్లే వేల ఓట్లు చెల్లకుండా చేసుకుంటున్నారు. రాజ్యాంగ సభలో ఓట్ల శాతాన్ని బట్టి సీట్లిచ్చే దామాషా పద్ధతి అడిగినప్పుడు అక్షరాస్యతను, ప్రభుత్వ స్థిరత్వాన్ని చూపి అంబేద్కర్ గారు వద్దన్నారు. అక్షరాస్యత సంగతి ఇప్పుడు మారింది. స్థిరత్వం గురించిన ఆయన భయాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను.

అందుకే పూర్తి దామాషా అడగడం లేదు, ఇప్పుడున్నదీ దామాషా రెండూ కలిసిన పద్ధతి అడుగుతున్నాను. జర్మనీలో ఓటరుకు రెండు ఓట్లు: ఒకటి స్థానిక అభ్యర్థికి, ఒకటి పార్టీకి. నేపాల్‌లో 275 స్థానాల్లో 165 నేరుగా, 110 పార్టీ ఓట్ల దామాషాలో. మన దేశంలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారి లా కమిషన్ 1999లోనే, ఉన్న స్థానాలు ఉండగా అదనంగా మరికొన్ని స్థానాలు చేర్చి పార్టీల ఓట్ల శాతాన్ని బట్టి నింపమంది. పాతికేళ్లు దాటింది. కదలిక లేదు.

ఇప్పుడు మనకు ఒక అవకాశం వస్తోంది. 2014 విభజన చట్టం 26వ సెక్షన్ ప్రకారం మన శాసనసభ 175 నుంచి 225కు పెరగాలి. పునర్విభజనతో ఆ 50 స్థానాలకు హద్దులు గీస్తారు. గీయకండి అంటున్నాను. వాటిని పార్టీ ఓటుకు ఇవ్వండి. 2024 ఓట్లతోనే లెక్క కట్టినా వైసీపీకి మరో 20 వచ్చి 31 అయ్యేవి. సభలో పదో వంతు ఉందా లేదా, ప్రతిపక్ష హోదా ఇవ్వాలా వద్దా అన్న గొడవే ఉండేది కాదు. 2019 ఓట్లతో తెలుగుదేశానికి మరో 20, జనసేనకు మరో ఇద్దరో ముగ్గురో. రెండుసార్లూ ప్రభుత్వం అదే, మెజారిటీ పదిలమే. జాబితా పేర్లు పార్టీ అధినేతల ఇంట్లో తయారవుతాయన్నది న్యాయమైన అభ్యంతరం. జాబితాను నామినేషన్ల రోజునే ప్రకటించాలి, దళితులకు, గిరిజనులకు, మహిళలకు వరుసలో చోటు చట్టంలోనే ఖాయం చేయాలి.

దీనికి రాజ్యాంగం 170వ అధికరణను సవరించాలి. నిన్న నష్టపోయినవారు నేడు లాభపడ్డారు, నిన్న లాభపడినవారు నేడు నష్టపోయారు. కాబట్టి అన్ని పార్టీలకూ ఇందులో సమాన ప్రయోజనం ఉందని ఒప్పించగలిగే కాలం ఇదే. అమలాపురం ఎంపీ గారిని, మన ఏడుగురు ఎమ్మెల్యేలను, ఓడిపోయిన అభ్యర్థులను కూడా కలవండి. హద్దులు గీసే కమిషన్ పని మొదలుపెట్టకముందే ఈ 50 స్థానాల మాట వాళ్ల చేత సభలో ఎత్తించండి.