నడక తగ్గిన పెద్దలతో విహారయాత్ర

(గుడిబండెలో మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వేసవి సెలవులు సమీపించుచున్నవి. మన ఇండ్లలోని పిల్లలు ఇప్పటినుండియే యాత్రల మాట ప్రారంభించినారు. ఈ సమయమున నాలుగు మాటలు మనవి చేసికొనుటకు కార్యవర్గమువారు అవకాశ మొసగినందుకు కృతజ్ఞులము. మేము పండితులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు చాలించి అంగడిలో కూర్చున్నవారము. కావున మేము చెప్పబోవునది శాస్త్రము గాదు. కొంత అనుభవము, కొంత విచారించి తెలిసికొన్నది.

ఈ సభలోని పెద్దలలో మన సురసద్మగిరి నెక్కనివా రెవరు? 17వ శతాబ్దమున బైరేగౌడ కట్టించిన ఆ దుర్గమునకు చిన్ననాడు పరుగున పోయి, రాతి దొనలలోని నీటిని చూచి, పైనుండి బైరసాగరము చెరువును చూచి దిగివచ్చినవారే అందరును. నేడు వారిలో కొందరికి ఇంటి గడపయే కొండయైనది. మోకాళ్లు పట్టుకొన్నవి, నడుము వంగినది. వారు నడవలేరు గనుక మనము వారిని ఇంట విడిచి యాత్రలకు పోవుచున్నాము. ఇది ధర్మమా, అవసరమా అని విచారింపవలెను.

మొదట మా తప్పును మేమే చెప్పుకొందుము. 2022 వేసవిలో కుటుంబమంతయు ఒక వినోదోద్యానమునకు పోతిమి. అప్పటికి మా తల్లిగారికి డెబ్బదియైదేండ్లు. మోకాళ్ల నొప్పికై వైద్యుని సలహాపై వాకరు కొని యుంటిమి. కాని అది ఇంటిలో తలుపు వెనుకనే యుండెను. నలుగురిలో దానిని పట్టుకొని నడచుటకు ఆమెకు సిగ్గు. లోపలికి పోయి నూరడుగులు నడచునప్పటికే ఆమె ఒక బల్లపై కూర్చుండి, "మీరు పోయి రాండ్రా. నేనీడ నీడపట్టున కూచుంటా. ఈ బ్యాగులు చూసుకొనేకి ఒకరుండల్ల గదా" అనిరి. మేమును సరే యంటిమి. పిల్లలు నీటిలో ఆడుటకు పోవుచు చెప్పులు కూడ ఆమె వద్దనే విడిచిరి. ఉదయము పదకొండు మొదలు సాయంకాల మైదుగంటల వరకు ఆమె ఆ బల్లమీదనే యుండిరి. నీళ్లు త్రాగినచో మరుగుదొడ్డికి పోవలసి వచ్చునని నీళ్లును త్రాగలేదట.

తిరుగు ప్రయాణమున పిల్లలందరు తాము చూచినవి చెప్పుకొనుచుండగా మా చిన్నవాడు, "అవ్వా, నువ్వేం చూస్తివి?" అని యడిగినాడు. ఆమె నవ్వుచునే, "మీ చెప్పుల్ని చూస్తా ఉంటిని నాయనా" అనిరి. బస్సులోని వారందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆమెకును పూర్తి టికెట్టు కొంటిమి గదా! ఆ టికెట్టుతో మేము ఆమెకు చూపించినది మా చెప్పులు!

ఆ రాత్రి ఆలోచించినప్పుడు మాకు తోచిన దిది. వాకరు వలన సిగ్గు ఆమెకు మాత్రమే కాదు, మాకును గలదు. ఆమె వద్దనగానే మేము బలవంతము చేయకుండుటకు కారణము మర్యాద కాదు. ఆమె వెంట మెల్లగా నడచినచో మా దినము వృథా యగునన్న లెక్క. వర్తకులము గనుక లెక్క త్వరగా వేయుదుము. ఆ లెక్క తప్పని ఆలస్యముగా తెలిసినది.

ఇట్టి కష్టమునకు లోకములో ఇతరు లేమి చేసిరో విచారించితిమి. గనిలో ప్రమాదమువలన కాళ్లు చచ్చుబడిన హెర్బర్ట్ ఎవరెస్ట్ అను అమెరికా ఇంజనీరు, తన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1933 ప్రాంతమున ఉక్కు గొట్టములతో మడచుటకు వీలగు చక్రాల కుర్చీని చేసెను. కారులో పెట్టుకొని పోవుటకు తగిన కుర్చీ యది. నేడు ఆసుపత్రులలో మనము చూచు మడత కుర్చీలు ఆ జాతివే. 1968లో మిషిగన్ రాష్ట్రమున ఆలన్ థీమ్ అనునతడు, వ్యాధివలన నడక పోవుచున్న తన భార్యకొరకు బ్యాటరీతో నడచు చిన్న బండిని నిర్మించి, దానికి స్నేహితుడు అను నర్థము గల స్పానిష్ మాటతో అమిగో అని పేరు పెట్టెను. నేటి మొబిలిటీ స్కూటరులకు అదియే మొదలు. ఈ రెండును సొంత యక్కరనుండియో ఇంటివారిపై ప్రేమనుండియో పుట్టినవే యని గమనింపుడు.

మన బంధువుల పిల్లలు అమెరికాలో నున్నారు. తల్లిదండ్రులను పిలిపించుకొని ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌నకు తీసికొని పోవుచున్నారు. 1971లో తెరచిన ఆ ప్రదేశమున నాలుగు పెద్ద ఉద్యానములు కలవు. ఒక్కొక్క దానిని చూచుటకే ఒక దినము పట్టును. యువకులకే కాళ్లు నొచ్చును. అచట ద్వారము వద్దనే చక్రాల కుర్చీలు, బ్యాటరీ స్కూటరులు దినమునకు అద్దె కిత్తురు. స్కూటరు నడుపువారికి పదునెనిమిదేండ్లు నిండవలెను. దానిపై ఒక్కరే కూర్చుండవలెను. మనుమని ఒడిలో పెట్టుకొనుటకు వీలులేదు. కొన్ని ఆటల వద్ద స్కూటరు దిగి చక్రాల కుర్చీలోనికి మారవలెను. కావున అచటికి పోవు పెద్దలు ఇచటినుండి బండి మోసికొని పోనక్కరలేదు. దేవనహళ్లి విమానాశ్రయమున చక్రాల కుర్చీ కావలెనన్నచో టికెట్టు కొనునప్పుడే విమాన సంస్థకు తెలుపవలెను. ఇట్లడుగుట భిక్ష కాదు. నడవలేనివాడు అడుగుట, అడిగినవానికి వారిచ్చుట న్యాయము.

మనమందరము ఫ్లోరిడా పోలేము. మనకు బిడదిలో 2005లో తెరచిన వండర్‌లా కలదు. హైదరాబాదు దగ్గర 1996లో ఏర్పడిన రామోజీ ఫిల్మ్ సిటీ కలదు. నీటి ఆటలు, ఎగిరిపడు ఆటలు ముఖ్యముగా గల ఉద్యానము వృద్ధుల కంతగా సరిపడదు. తడి నేలమీద వాకరు జారును. ఫిల్మ్ సిటీలోనన్న సందర్శకులను బస్సులలో త్రిప్పి చూపింతురు. నడక తగ్గినవారికి అది మేలని తలచి, 2023 దసరా సెలవులలో మా తల్లిగారిని అచటికి తీసికొని పోతిమి.

ఈ పర్యాయము ముందుగా ఆమెతో మాటాడితిమి. "అమ్మా, ఏమి చూడవలెనని యున్నది?" అని యడిగితిమి. అంతకు మునుపెన్నడును అడిగినవారము కాము. మడత చక్రాల కుర్చీ యొకటి కొని, వాకరును వెంట నుంచుకొంటిమి. దూరపు నడకకు కుర్చీ. దిగి నాలుగడుగులు వేయుటకు వాకరు. బస్సు మెట్టువద్ద ఇరువైపుల మా భుజములు. ఒక్కొక్క గంట ఒక్కొక్కరము ఆమెతో నుండునట్లు వంతులు వేసికొంటిమి. రాజభవనముయొక్క ముఖభాగము మాత్రమే నిలిపియుండుట చూచి, "ముందర ఇంత ఇల్లు కట్టి ఎనక గోడే లేదేమి రా? దీంట్లో కాపురమెట్ల?" అని యడుగగా మావారందరు నవ్విరి, ఆమెయు నవ్విరి. మాయాబజార్ ఇక్కడనే తీసినారా యని యడిగిరి. అది 1957 నాటిదనియు, మదరాసులో వాహినీ స్టూడియోలో తీసినదనియు చెప్పితిమి. చిన్ననాడు డేరాలో ఆ చిత్రము చూచిన కథను ఆమె తిరుగు దారి పొడుగునను పిల్లలకు చెప్పిరి. మా పిల్లలు బడిలో కన్నడము, ఇంగ్లీషు చదువుదురు. తెలుగు వారికి చెవులద్వారానే రావలెను. ఆ దినము అవ్వ నోటినుండి వారు వినినంత తెలుగు ఇంటిలో ఒక మాసమునకును వినరు. పెద్దలను ఇంట విడిచిపోయినప్పుడు మన మేమేమి విడిచి పోవుచున్నామో అప్పుడు మాకు బోధపడినది.

ఇక ఉపకరణములను వాడు రీతి. వాకరు ఎత్తును తప్పక సరిచూడవలెను. నిటారుగా నిలిచి చేతులు వ్రేలాడవేసినచో పిడి మణికట్టు గీత వద్దకు రావలెను. ఎత్తు తక్కువైన వాకరు నడుమును వంచును. మొదట వాకరు, పిమ్మట నొప్పి కాలు, పిమ్మట మంచి కాలు — ఇది వరుస. క్రింది రబ్బరు తొడుగులు అరిగినచో వెంటనే మార్చవలెను. మెట్లమీద వాకరు వాడరాదు. నాలుగు చక్రములు, కూర్చుండుటకు పీట గల వాకరైనచో రెండు బ్రేకులు వేసిన పిమ్మటనే కూర్చుండవలెను.

చక్రాల కుర్చీనుండి లేచునప్పుడును, కూర్చుండునప్పుడును రెండు బ్రేకులు వేసి, పాదముల పలకలను పైకెత్తవలెను. పలకపై నిలిచినచో కుర్చీ ముందునకు బోర్లపడును. గట్టి వాలు దిగునప్పుడు కుర్చీని వెనుకకు త్రిప్పి, త్రోయువారు క్రిందివైపున నుండి దింపవలెను. మన స్త్రీల విషయమున ఇంకొక మాట: చీర చెరగును ఒడిలో దోపవలెను, అది చక్రమున చిక్కినచో ప్రమాదము. బ్యాటరీ స్కూటరు ఎక్కుటకును దిగుటకును ముందు తాళము త్రిప్పి ఆపవలెను. వాలుమీద అడ్డముగా త్రిప్పరాదు. మూడు చక్రముల బండి ఇరుకు చోట సులభముగా తిరుగును గాని, నాలుగు చక్రములది నిలుకడ గలది.

అన్నిటికంటె ముఖ్యము మర్యాద. చెప్పకుండ వెనుకనుండి కుర్చీని త్రోయరాదు. ఒకచోట మా తల్లిగారు కుర్చీలో నుండగా ఒకాయన మమ్ము చూచి, "ఈమెకు ఎన్ని యేండ్లు?" అని యడిగెను. ఆమె తలయెత్తి, "నన్నే అడగప్పా, చెవులు బాగుండాయి" అనిరి. కాళ్లు పోయినంతమాత్రమున మనిషి పోలేదు. కుర్చీతో గాదు, కుర్చీలోనివారితో మాటాడవలెను.

ఈ సదుపాయములు ఎవరి దయయు గావు. అమెరికాలో 1990లోను, మన దేశమున 2016లోను వికలాంగుల హక్కులకై చట్టములు వచ్చినవి. చక్రాల కుర్చీ ఎక్కు వాలు, ఒక అడుగు ఎత్తునకు పండ్రెండడుగుల పొడవుండవలెనని నియమము. మన అంగళ్లముందు వేసిన వాలురాళ్లను ఈ కొలతతో చూచినచో ఎన్ని నిలుచును? మా అంగడిది నిలువలేదు. గత మాసమున దానిని సరిచేయించితిమి. పేద వృద్ధులకు వాకరులు, చేతికర్రలు, చక్రాల కుర్చీలు ఉచితముగా నిచ్చు రాష్ట్రీయ వయోశ్రీ యోజనను కేంద్ర ప్రభుత్వమువారు 2017 ఏప్రిల్ 1న మన తెలుగు గడ్డయగు నెల్లూరు జిల్లాలోనే ప్రారంభించిరి. మనలో అర్హులైనవారు సంకోచము లేక అడుగవలెను.

చక్రములు అన్నిచోట్లకు పోవని మేమెరుగుదుము. సురసద్మగిరిపైకి ఏ కుర్చీయు పోదు. కాని చెరువుకట్ట వరకు పోవును. కొండ చూపలేమని చెరువుకట్టను కూడ చూపకుండుట తప్పు. మరి యాత్రకు రానిష్టము లేని పెద్దలు నుందురు. వారి మాటయు మన్నింపవలెను. అయితే "నేను రాను" అనుమాట నిజముగా ఇష్టము లేకపోవుటయో, మనకు భారమగుదుమను భయమో రెండవసారి అడిగి తెలిసికొనవలెను. మొదటిసారి మా తల్లిగారన్న మాట ఆ భయమే.

చివరగా ఒక ప్రార్థన. మడత చక్రాల కుర్చీ ఆరేడువేల రూపాయలు మొదలుకొని, వాకరు వేయి రెండువేల లోపున లభించుచున్నవి. బ్యాటరీ స్కూటరు లక్షకు అటునిటు. అది ప్రస్తుతము మన శక్తికి మించినది. సంఘము తరఫున రెండు కుర్చీలు, రెండు వాకరులు కొని కార్యాలయమున నుంచి, యాత్రకు పోవు కుటుంబమునకు పుస్తకములో వ్రాసికొని ఎరువిచ్చి, తిరిగి వచ్చినప్పుడు బ్రేకులు, రబ్బరులు సరిచూచి తీసికొనవచ్చును. మొదటి కుర్చీ వెల మా అంగడి భరించును. రెండవది ఈ సభలో ఎవరైన భరింపుడని కోరుచున్నాము.

ఈ సెలవులలో మీరు బయలుదేరుటకు ముందు ఇంటిలోని అవ్వను, తాతను ఒక్కసారి "ఏమి చూడవలెనని యున్నది?" అని అడుగుడు. చెప్పులకు కాపలా వేరెవరైన నుండవచ్చును.