తెరమీది లెక్క, దూరపు లెక్క

వరంగల్లు స్టేషనులో రిజర్వేషను కిటికీ యెదుట నిలిచిన శ్రోతలు గుమాస్తా ముందరి తెరను చూచియే యుందురు. బెర్తు ఖాళీగా నున్నదని ఆ తెర చెప్పును. కాని బెర్తుల లెక్క ఆ తెరలో లేదు. అది దూరపు సర్వరులో నున్నది. రైల్వేవారు కాన్సర్ట్ అను ఏర్పాటును మొట్టమొదట 1994లో సికింద్రాబాదున నెలకొల్పిరి. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కోల్‌కత, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములైదును దానివలన ఒకదానితో నొకటి ముడివడినవి. ఆనాటి టెర్మినళ్లు వట్టి అద్దములవంటివి. సర్వరు పంపిన యక్షరములను చూపుటయే గాని, తమకై తాము లెక్కలు దాచుకొనెడివి కావు. ఆ బీదతనమందే వాని నిజాయితీ యుండెను.

నేటి డెస్కుటాపు అప్లికేషను అట్లు గాదు. దానికి సొంత జ్ఞాపకము గలదు. దూరపు సర్వరునుండి తెచ్చిన లెక్కకు నకలు తీసికొని దానినే తెరమీద చూపును. నకలు ఎప్పుడును ఒక క్షణము పాతదే గదా!

ఖిలా వరంగల్లులో కీర్తితోరణముల చెంత చిన్న దుకాణము పెట్టుకొని, ఇరుగుపొరుగువారికి దరఖాస్తులు నింపియిచ్చు యువకు డొక డున్నాడనుకొనుడు. ఒక రైతు రుసుము చెల్లించినాడు. యువకుడు బటను నొక్కినాడు. జవాబు రాలేదు, నెట్టు తెగినది. ఇప్పుడా దరఖాస్తు చేరినదా, చేరలేదా? దారిలో పోయినది అభ్యర్థనయో, తిరుగు జవాబో తెరకు తెలియదు. «విఫలమైన»దని తెర చూపినచో యువకుడు మరల నొక్కును. రైతు సొమ్ము రెండుమార్లు పోవచ్చును. «అయిన»దని చూపినచో రైతు ఉత్తచేతులతో ఇంటికి పోవచ్చును. రెండును అబద్ధములే. «పంపితిమి, ఇంకను తెలియలేదు» అని మూడవ మాట యొకటి తెరకు నేర్పవలెను. అదిగాక, ప్రతి దరఖాస్తునకును బటను నొక్కకమునుపే ఒక ప్రత్యేక సంఖ్య నీయవలెను. అదే సంఖ్య మరల వచ్చినచో సర్వరు క్రొత్తగా రుసుము గొనక పాత జవాబునే చెప్పును. ఇంత చిన్న యేర్పాటు చేయని సాఫ్టువేరు పైకెంత యందముగా నున్నను నాకు మెప్పు గాదు.

జవాబునకై కాచుకొనుపని తెరను గీయు త్రెడ్డునకు అప్పగింపరాదు. అప్పగించినచో కిటికీ యంతయు కొయ్యబారును. ఇది అందరెరిగినదే.

ఇక ఈవెంటుల మాట. మన కోటలో రాతిగోడకు వెలుపల మట్టిగోడ యున్నది. మట్టిగోడకడ నున్నవాడు లోపలి వార్తను రెండు విధముల తెలిసికొనవచ్చును: మాటిమాటికి మనిషిని పంపి యడుగుట యొకటి, లోపలివారు మార్పు కలిగినప్పుడెల్ల నగారా కొట్టుట రెండవది. మొదటిది పోలింగు. రెండవదానికై నేడు వెబ్‌సాకెట్టు వంటి తెరచియుంచిన దారులు గలవు. నగారాయే మేలని తోచును. కాని దారి తెగిన వేళ మ్రోగిన నగారా వినబడదు. కావున దారి మరల కుదిరిన వెంటనే క్రొత్త ఈవెంటులను మాత్రమే వినుచు కూర్చుండరాదు. పూర్తి లెక్కను మరల తెచ్చుకొనవలెను.

ఇందొక చిక్కు కలదు. ముందు లెక్క తెచ్చి, పిమ్మట వినుటకు మొదలిడినచో, ఆ రెంటినడుమ జరిగిన మార్పు జారిపోవును. అందుచేత నేర్పరులు వరుసను తిప్పుదురు: ముందే వినుట మొదలిడి, వచ్చిన ఈవెంటులను ప్రక్కన నుంచి, తరువాత పూర్తి లెక్కను తెత్తురు. లెక్కకును ఈవెంటులకును సర్వరే వరుససంఖ్య వేసియుండును గనుక, లెక్కలో అప్పటికే చేరినవానిని విడిచి, తక్కినవానిని వరుసగా కలుపుదురు.

దారి తెగియున్నంతసేపు తెరను ఖాళీ చేయనక్కరలేదు. పాత లెక్కనే చూపవచ్చును. దానిపైన «సంబంధము తెగినది, ఈ లెక్క 10 గంటల 42 నిమిషములకు అందినది» అని వ్రాసియుంచిన చాలును. రైతు కూర్చుండవలెనో, రేపు రావలెనో యువకుడు దానిని చూచి చెప్పగలడు.