ఆటల పీరియడ్‌లో మన ప్రత్యేక పిల్లలు

(సొసైటీ వార్షిక సమావేశంలో ఒక ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)





చదువులు, స్కాలర్‌షిప్పులు, ఉద్యోగాల గురించి ఈ వేదిక మీద ఎన్నోసార్లు మాట్లాడుకున్నాము. ఈసారి ఆటల గురించి మాట్లాడతామని కార్యదర్శి గారితో అంటే, "ఆటల గురించి చెప్పేది ఏముంటది మాస్టరు సాబ్?" అని నవ్వినారు. అందరు పిల్లల ఆటల గురించి కాదు. చూపు లేని పిల్లలు, చెవులు వినబడని పిల్లలు, కాలో చేయో సరిగా ఆడని పిల్లలు, బుద్ధి నెమ్మదిగా వికసించే పిల్లలు. వీరి ఆటల గురించి నాలుగు మాటలు మనవి చేయదలచినాము. అటువంటి బిడ్డ మన పేటల్లో ఏ గల్లీలో లేదో మీరే చెప్పండి.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మేము కరీంనగర్ జిల్లాలో ఒక చిన్న ఉర్దూ బడిలో పని చేసేవారము. మూడో తరగతిలో ఒక పిల్లవాడు ఉండేవాడు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. కాళ్లు కత్తెరలాగా ఒకదాని మీదికొకటి వచ్చేవి, మాట ముద్దగా వచ్చేది. లెక్కల్లో మాత్రం తరగతిలో వాడే ముందు. ఆటల గంట కొట్టగానే పిల్లలందరూ చెప్పులు విడిచి మైదానంలోకి ఉరికేవారు. వాణ్ణి మేమే చేయి పట్టి వేపచెట్టు కింద కూర్చోబెట్టి, "బేటా, నువ్వు చెప్పులు చూసుకో" అనేవారము. ఇట్లా మూడేండ్లు గడిచినాయి. బిడ్డను ఎండ తగలకుండా, కింద పడకుండా కాపాడుతున్నామని మాలో మేము సంతోషపడేవారము కూడా.

ఐదో తరగతి ఆఖరు నెలలో ఒకనాడు వాడు మా చొక్కా పట్టుకుని, "సర్, మేరీ బారీ కబ్ ఆతీ?" అన్నాడు. నా వంతు ఎప్పుడొస్తుంది సర్ అని. "చూద్దాం బేటా" అన్నాము. ఎండాకాలం సెలవులు వచ్చినాయి. హైస్కూలు దూరమని ఇంట్లో చదువు మాన్పించినారు. వాడి వంతు రానే లేదు.

ఇప్పుడు వాడు ఒక మొబైల్ రీఛార్జి కొట్టులో కూర్చుంటాడు. మమ్మల్ని చూస్తే ఎప్పటిలాగే సలాం చేస్తాడు. కాని మోకాళ్లు బిగుసుకుపోయినాయి, లేపాలంటే ఇద్దరు కావాలి. "చిన్నప్పటి నుంచి రోజూ కదిలించి ఆడించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో" అని ఒక ఫిజియోథెరపీ డాక్టరు మా ముందే అన్నారు. మేము తల దించుకున్నాము. దయ అనుకుని మేము చేసింది ఇది.

అందుచేత మొదటి మాట. ఆట అంటే పిల్లలకు కాలక్షేపం కాదు, అది శరీరానికి అన్నం వంటిది. మామూలు పిల్లవాడు ఒకరోజు ఆడకపోయినా సందుల్లో ఉరుకుతాడు, గోడలెక్కుతాడు. ఈ బిడ్డలకు ఆ అవకాశం లేదు. కూర్చోబెడితే కూర్చునే ఉంటారు. కండరాలు పొట్టివవుతాయి, బరువు పెరుగుతుంది, నిద్ర సరిగా రాదు, కోపం వస్తుంది. ఎవరికి ఎక్కువ అవసరమో వారికే మనం ఆట లేకుండా చేస్తున్నాము.

ఈ సంగతి లోకానికి చాటింది ఒక డాక్టరు. ఆయన పేరు లుడ్విగ్ గుట్‌మన్. జర్మనీలో హిట్లరు బాధలు పడలేక ఇంగ్లండు చేరిన యూదు వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధంలో వెన్నుపూస దెబ్బతిన్న సైనికులకు స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో మందులతోపాటు ఆటలు కూడా చికిత్సగా పెట్టినారు. 1948 జూలై 29న లండన్ ఒలింపిక్స్ ఆరంభమైన రోజునే ఆ ఆసుపత్రి ఆవరణలో చక్రాల కుర్చీల్లో కూర్చున్న 16 మంది విలువిద్య పోటీలో పాల్గొన్నారు. అదే పెరిగి 1960లో రోము నగరంలో పారాలింపిక్స్ అయింది. మన దేశానికి అందులో మొదటి బంగారు పతకం 1972లో వచ్చింది. తెచ్చినవారు మురళీకాంత్ పేట్కర్. సికింద్రాబాదు ఇ.ఎం.ఇ.లో సైనికునిగా, బాక్సరుగా ఉన్నవారు. 1965 యుద్ధంలో గుండ్లు తగిలి నడుము కింది భాగం చచ్చుబడ్డది. బాక్సింగు పోయింది, ఈత పట్టినారు. గెలిచినారు.

ఇంగ్లండు, సైన్యం అంటే మనకు దూరమనిపించవచ్చు. మన పక్క జిల్లా మాట చెబుతాము. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామంలో కూలి పని చేసుకునే దంపతులకు 2003లో పుట్టిన ఆడబిడ్డ జీవన్‌జీ దీప్తి. బుద్ధి వికాసంలో లోపం. ఊళ్లో కొందరు ఆ పిల్లను పేర్లు పెట్టి ఎగతాళి చేసినారు, ఎక్కడన్నా అనాథాశ్రమంలో వదిలిపెట్టమని తల్లికి సలహాలు చెప్పినవారూ ఉన్నారు. తల్లిదండ్రులు వదల్లేదు. ఊరి బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆ పిల్ల పరుగును గమనించినాడు. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ గారు శిక్షణ ఇచ్చినారు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబె నగరంలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తింది. అది అప్పటికి ప్రపంచ రికార్డు. అదే సంవత్సరం సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కంచు పతకం తెచ్చింది. ఎగతాళి చేసిన ఊరే తర్వాత పూలదండలు వేసింది.

మన పిల్లలందరూ పారిస్ పోవాలని మేము చెప్పడం లేదు. ఆ ఊరి బడిలో ఆమెను చెప్పుల కాపలాకు కూర్చోబెట్టి ఉంటే ఆ పరుగు ఎవరికి తెలిసేది? మేము మూడేండ్లు చేసింది అదే కదా!

ఇందులో ఇంకొక పాఠం కూడా ఉన్నది. 2000 సంవత్సరంలో సిడ్నీ పారాలింపిక్స్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవారి బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ జట్టు గెలిచింది. ఆ తర్వాత తేలిందేమంటే, 12 మంది ఆటగాళ్లలో 10 మందికి ఏ లోపమూ లేదు. పతకాలు వాపసు తీసుకున్నారు. కాని శిక్ష పడింది ఎవరికి? ఆ తరగతి పోటీలే ఆగిపోయి, మళ్లీ 2012 లండన్ దాకా తలుపులు తెరవలేదు. పెద్దవాళ్ల మోసానికి నిజమైన బిడ్డలు పన్నెండేండ్లు ఇంటి వద్ద కూర్చున్నారు. దొంగ సర్టిఫికెట్టు ఎవరైనా అడిగితే ఈ కథ చెప్పండి.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చింది. 1995 చట్టంలో 7 రకాల లోపాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి. ఈ చట్టం 16వ సెక్షను ప్రకారం బడి ఈ పిల్లలను చేర్చుకుంటే చాలదు, మిగతా పిల్లలతో సమానంగా ఆటల అవకాశం కూడా ఇవ్వాలి. అంటే ఆటల పీరియడ్‌లో వంతు అడగటం ఆ బిడ్డ హక్కు. ఎవరి దయా అక్కరలేదు.

ఇక ఎట్లా ఆడించాలి? మన ప్రాథమిక బడుల్లో పి.ఇ.టి. పోస్టే ఉండదు, సామాను ఉండదు అంటారు. నిజమే. అయినా చాలా మట్టుకు డబ్బు లేకుండా జరుగుతుంది. సూత్రం ఒక్కటే. పిల్లవాణ్ణి ఆటకు సరిపోయేటట్టు మార్చలేము, ఆటను పిల్లవాడికి సరిపోయేటట్టు మార్చవచ్చు.

చూపు లేని బిడ్డకు బంతిని పాలిథీన్ కవరులో చుట్టి ముడివేయండి, దొర్లితే గరగర శబ్దం వస్తుంది. అంధుల క్రికెట్టులో కూడా బంతి లోపల ఛర్రాలు ఉంటాయి, బంతిని చేయి కింది నుంచి నేల మీదుగా వేస్తారు. ఆ ఆటలో భారత జట్టుకు నాయకత్వం వహించిన మన తెలుగువాడు ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డికి 2023 సంవత్సరపు అర్జున అవార్డు వచ్చింది. పరుగు అయితే చూపున్న పిల్లవాడు ఒకడు దస్తీ ఒక కొస పట్టుకుని పక్కన ఉరికితే చాలు.

వినబడని బిడ్డకు ఈల వేసి లాభం లేదు. ఎర్ర గుడ్డ ఊపండి. ఎదుట నిలబడి చేసి చూపండి.

కాళ్లు ఆడని బిడ్డకు బోచియా అనే ఆట ఉన్నది. 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉన్నది. తెల్ల బంతిని ముందు వేస్తారు. తర్వాత కూర్చునే తమ బంతులు విసిరి, ఎవరిది దాని దగ్గరికి చేరితే వారు గెలిచినట్టు. మన గోటీల ఆటకు చుట్టం. చేయి కూడా లేవకపోతే ఒక వాలు చెక్క మీద నుంచి దొర్లించవచ్చు. పాత గుడ్డల్లో గింజలు పోసి కుట్టిన సంచులతో ఇంట్లోనే ఆడుకోవచ్చు.

బుద్ధి నెమ్మదిగా ఉన్న బిడ్డకు ఒకసారి ఒకే మాట చెప్పాలి. రోజూ అదే చోట, అదే వరుసలో చేయించాలి. 1968లో షికాగోలో మొదలైన స్పెషల్ ఒలింపిక్స్‌లో ఒకే స్థాయి వాళ్లను ఒక గుంపుగా చేసి పోటీ పెడతారు. బడిలో కూడా ఆ పద్ధతి పెడితే ప్రతి బిడ్డకూ గెలిచే అవకాశం ఉంటుంది, ఓడిపోవడం ఎట్లాగో కూడా తెలుస్తుంది. అది కూడా ఆటలో భాగమే.

ఒకటి రెండు జాగ్రత్తలు. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డలకు మెడ ఎముకల పట్టు వదులుగా ఉండవచ్చు, గుండె జబ్బు ఉండవచ్చు. డాక్టరును అడగకుండా తల కిందులు పల్టీలు వేయించకండి. మూర్ఛలు ఉన్న బిడ్డను ఒంటరిగా నీళ్లలోకి, ఎత్తుకు పంపకండి. నడుము కింద స్పర్శ లేని బిడ్డకు రాపిడి పుండ్లు పడినా తెలియదు, ఆట అయినాక చూడండి. మా రామగుండం, మంచిర్యాల ఎండలు మీకు తెలియనివి కావు. ఆట పొద్దున్నే కానివ్వండి.

మన ఉర్దూ ఇండ్ల వారికి ఒక ప్రత్యేక ఇబ్బంది ఉన్నది. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు ఎక్కువగా తెలుగులో చెబుతారు. ఇంట్లో ఉర్దూ వినే బిడ్డ "కూర్చో, లేవు" అంటే దిక్కులు చూస్తాడు. బిడ్డకు తెలివి లేదని రాసుకుంటారు. నిజానికి బిడ్డకు రానిది ఆ మాట మాత్రమే. అందుచేత తల్లి గాని, అక్క గాని కొన్నాళ్లు వెంట పోయి, "బైఠో, ఉఠో, ఫేంకో" అని ఉర్దూలో అందించాలి. ఆ పది పదిహేను మాటలు టీచరుకు తెలుగు అక్షరాల్లో రాసి ఇస్తే వారు సంతోషంగా నేర్చుకుంటారు. మేము చేసి చూసినాము.

ఆడపిల్లల మాట. మామూలు ఆడపిల్లకే ఆట కష్టంగా దొరుకుతున్నప్పుడు, లోపం ఉన్న ఆడపిల్లను ఇంటి లోపలి గదిలోనే పెడుతున్నాము. నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022, 2023లో రెండుసార్లు బాక్సింగులో ప్రపంచ విజేత అయింది. నలుగురి మాటలకు తండ్రి జంకి ఉంటే ఆ బిడ్డ ఎవరో మనకు తెలిసేది కాదు. మన గదుల్లో ఉన్న బిడ్డలకు కూడా అటువంటి తండ్రులు కావాలి.

"అల్లా పెట్టిన పరీక్ష, ఏం చేస్తాం" అని తల్లులు అంటారు. పరీక్ష అంటే జవాబు రాయవలసి ఉంటుంది కదమ్మా! చూపు లేని అబ్దుల్లా ఇబ్నె ఉమ్మె మక్తూమ్ గారికి మదీనాలో అజాన్ ఇచ్చే బాధ్యత అప్పగించినారు. ఆయనను చెప్పుల దగ్గర కూర్చోబెట్టలేదు.

చివరగా మన సొసైటీకి మా విన్నపాలు. ఒకటి, మన పేటల్లో ఇటువంటి బిడ్డలు ఎందరున్నారో ఇంటింటికీ తిరిగి రాసుకుందాము. రెండు, సర్టిఫికెట్టు, యూ.డి.ఐ.డి. కార్డు లేనివారిని వైద్య శిబిరానికి మనమే వెంట తీసుకుపోదాము. మూడు, బంతులు, సంచులు, తాళ్లు, రంగు గుడ్డలు వేసి ఒక ఆటల పెట్టె తయారు చేసి బడికొకటి ఇద్దాము. నాలుగు, ఏటా డిసెంబరు 3 వికలాంగుల దినం నాడు కరీంనగర్ అంబేద్కర్ స్టేడియంలోనో, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలోనో అనుమతి తీసుకుని, లోపం ఉన్న పిల్లలను, లేని పిల్లలను కలిపి ఒకే జట్టులో ఆడిద్దాము. వేరుగా ఆడిస్తే సానుభూతి సభ అవుతుంది, కలిపి ఆడిస్తేనే ఆట.

మేము ఇప్పుడు పని చేసే బడిలో చెప్పుల కాపలా ఎవరికీ లేదు. చెప్పులు వాటంతట అవే ఉంటాయి, ఇంతవరకు ఒక్క జత పోలేదు. ఆ వేపచెట్టు కింది పిల్లవాడికి మేము బాకీ ఉన్నాము. వచ్చే డిసెంబరులో బోచియా లెక్క చూడటానికి రమ్మని వాణ్ణి అడిగినాము. "లెక్క నేను చూడను సర్, ఆడతాను" అన్నాడు. ఇన్‌షా అల్లా, మొదటి బంతి వాడే వేస్తాడు.